ఎనిమిది బీట్ల ఖాళీ

మిక్సర్ ముందు కూర్చోవాలని ఆశపడేవాళ్లు అప్పుడప్పుడు మియాపూర్‌లో మా ఫ్లాటుకు వస్తుంటారు. ఏ మైకు మంచిది, స్పీకర్లు ఎక్కడ పెట్టాలి, పని ఎవరిస్తారు అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. ఇన్నేళ్లలో మీ చేతుల్లో చెడిపోయిన పని ఏదైనా ఉందా అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఉంది. ఒక రాక్ గాయని పాటలు నా చేతుల్లో చెడిపోయాయి. ఎవరూ అడక్కపోయినా అది రాసిపెడుతున్నాను.

ముందు నా సంగతి. మాది కాకినాడ వైపు. ఇంటర్ తప్పి, పెళ్లిళ్లకు మైకుసెట్లు కట్టే మేనమామ వెంట కూకట్‌పల్లి వచ్చాను. ఆ పని సాయంత్రాలే ఉండేది. పొద్దున్నంతా ఖాళీ. కాలనీలో ఒక శాఖా గ్రంథాలయం ఉండేది. బయటి గదిలో పెద్దమనుషులు పేపర్ల కోసం పోట్లాడుకుంటుంటే నేను లోపలి గదిలో బీరువాల మధ్య తిరిగేవాణ్ణి. అక్కడ ధ్వనిశాస్త్రం మీద ఒక తెలుగు పుస్తకం దొరికింది. అట్ట పోతే ఎర్రగుడ్డ వేసి మళ్లీ కుట్టారు. దాన్ని మూడుసార్లు చదివాను. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను, రోజుకు రెండు పేజీల చొప్పున.

నిండిన హాలు ఖాళీ హాలులా మోగదనీ, మనుషుల ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని తాగేస్తాయనీ చదివిన మర్నాడు ఒక పెళ్లికి వెళ్లాం. జనం రాకముందు స్పీకర్లను కావాలని కాస్త కీచుగా పెట్టాను. మామ తిట్టాడు. హాలు నిండాక సన్నాయి తేనెలా వినిపించింది. మామ తిట్టడం ఆపి నావైపు వింతగా చూశాడు. ఆ చూపు నాకు ఎంత నచ్చిందంటే, తర్వాత ఎవరేం అడిగినా “పుస్తకంలో ఉంది” అనడం అలవాటైపోయింది.

పెళ్లిళ్ల నుంచి కంపెనీల వార్షికోత్సవాలకు, అక్కణ్ణుంచి కొండాపూర్‌లో ఒక బీరు రెస్టారెంటుకు చేరాను. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ బ్యాండ్లు వాయించేవి. హైటెక్ సిటీ ఆఫీసుల వాళ్లు పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని భోజనానికి వచ్చేవారు.

నేను చెప్పిన గాయని అక్కడికి వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు. నానక్‌రామ్‌గూడ ఊరి పిల్ల. తండ్రి లింగంపల్లికి షేర్ ఆటో నడిపేవాడు. ఆమె ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది. అంటే ఇతరులు రాసిన దానిలో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం. కాలేజీలో పాడి, కంపెనీ వార్షికోత్సవంలో పాడి, చివరికి ఆఫీసు స్నేహితులు ముగ్గురితో బ్యాండు కట్టింది. ఒకడు గిటారు, ఒకడు బేస్, ఒకడు డ్రమ్ములు. పాటలు తనే రాసేది, ఆఫీసు బస్సులో. ట్రాఫిక్ లేని రోజు సగం చరణం, ఉన్న రోజు రెండు చరణాలు అనేది.

గొంతు తియ్యనిది కాదు. పొడిగా, కాస్త గరుకుగా ఉండేది. పై స్థాయికి వెళ్లేటప్పుడు కొత్త గుడ్డ చింపినట్టు చిరిగేది. అలా చిరిగినప్పుడు తింటున్నవాళ్లు కూడా తలెత్తేవాళ్లు.

మొదటి రోజు నేను డ్రమ్ముల కింద, వెనకా పాత కార్పెట్లు పరుస్తుంటే వచ్చి నిలబడింది.

“ఏందన్నా, ఈడనే పండుకుంటవా?”

“శబ్దం గోడకు కొట్టుకుని తిరిగి రాకుండా అమ్మా. పుస్తకంలో ఉంది.”

“ఏ బుక్కుల?”

చెప్పాను. ఎర్రగుడ్డ అట్టతో సహా చెప్పాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

“అరే, పాట పాడనీకి నేను ఒక్క బుక్కు చదవలే. మైకు పెట్టనీకి నువ్వు గిన్ని చదివినవా!”

అప్పట్నుంచి నేను లైబ్రరీ అన్నను. ప్రతి ఆదివారం మైకు సరిచూసేటప్పుడు ‘హలో హలో’ అనేది కాదు. “లైబ్రరన్నా, ఇయ్యాల బుక్కుల ఏం రాసిండ్రు?” అని అందులోనే అడిగేది. నేను ఆ వారం చదివింది ఒక్క ముక్క చెబితే గానీ పాట మొదలయ్యేది కాదు.

రెస్టారెంటు మేనేజరు విజయవాడ మనిషి, మర్యాదస్తుడు. “అందరికీ తెలిసిన పాటలు పాడండమ్మా. మీ సొంతవి రెండు పాడుకోండి. అంతకుమించి వద్దండి” అనేవాడు. ఆ రెండు పాడటానికీ ఒక పద్ధతి ఉండేది. ఇది నేను రాసిన పాట అని చచ్చినా చెప్పకూడదు. చెప్పగానే జనం బాత్రూముకు లేస్తారు, లేదంటే బిల్లు తెమ్మంటారు. అందుకని పేరున్న ఇంగ్లీషు పాట ఒకటి ముగుస్తుండగానే, చప్పట్లు ఆగకముందే, డ్రమ్ములు ఆపకుండా సొంత పాటలోకి జారిపోవాలి. తెలిసిన పాటే అనుకుని జనం తలలు ఊపుతూ ఉంటారు. సగం దాటాక, ఇదేమిటి, తెలుగులో ఉంది, మన ఆఫీసు సంగతి ఉంది, ఎవరిది ఇది అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పటికి పాట వాళ్లను పట్టుకుని ఉంటుంది. వాళ్లు అలా చూసుకునే క్షణం కోసమే నేను ఆదివారం కోసం ఎదురుచూసేవాణ్ణి.

ఆ పాటల్లో ఒకటి లిఫ్టు పాట. వాళ్ల నాయనమ్మ ఒకప్పుడు జొన్న వేసిన చేలోనే వాళ్ల ఆఫీసు భవనం లేచింది. అది ఆమె తమాషాగా చెప్పేది, పాటలో మాత్రం తమాషా ఉండదు.

నాయనమ్మ నడిచిన చేను మీద
తొమ్మిదో అంతస్తు నాది
దిగుతున్నా దిగుతున్నా లిఫ్టుల
మన్ను మాత్రం వస్తలేదే

మూడో పంక్తి తర్వాత ఆమె ఆగుతుంది. డ్రమ్ములు ఎనిమిది బీట్లు కొడతాయి. వాటి మీద గిటారు ఒక్కో అంతస్తే దిగినట్టు కిందికి దిగుతుంది. ఎనిమిదోదాని దగ్గర గిటారు నేల అందక ఇంకా వేలాడుతుండగానే ఆమె చివరి పంక్తి అందుకుంటుంది. పాట ప్రాణమంతా ఆ ఎనిమిది బీట్లలోనే ఉంది.

అలా మూడేళ్లు గడిచాయి. అప్పుడు ముంబయి నుంచి ఒక సంగీత కంపెనీ మనిషి వస్తానన్నాడు. వేర్వేరు భాషల్లో బ్యాండ్లు సొంతంగా కట్టిన పాటల్ని ఎంచి ఆల్బమ్ వేస్తారట. వీళ్ల సంగతి ఎవరో చెప్పారు. ఫలానా ఆదివారం వచ్చి వింటానన్నాడు. మేనేజరు ఆ ఒక్కరోజుకు ఐదు సొంత పాటలు ఒప్పుకున్నాడు.

ఆ ముందు వారం ఆమె నా దగ్గర కూర్చుని, కేబుళ్లు చుట్టడంలో సాయం చేస్తూ అంది.

“ఇది అయితే నౌకరి ఇడుస్తనన్నా.”

“కాకపోతే?”

“కాకపోతే ఏముంది. నా పాటలు నాకొక్కదానికే మంచిగున్నయని తెల్సిపోతది గద.” నవ్వుతూనే అంది కానీ, చేతిలో కేబుల్ తప్పుగా చుట్టేసింది. మళ్లీ విప్పాల్సివచ్చింది.

ఆదివారం వచ్చింది. పొద్దున పదకొండింటికి గిటారు అతనికి ఫోను. ముంబయిలో వాన, విమానం రద్దు. ఆ మనిషి రాలేడు. రేపు మధ్యాహ్నం కూర్చుని పాటలు ఎంచుతున్నాం కాబట్టి ఇవాళ్టి షో రికార్డు చేసి సాయంత్రంలోగా పంపమన్నాడు.

గిటారు అతను తన సంచీలోంచి చిన్న రికార్డరు తీశాడు. “దీన్ని హాలు మధ్యల ఏదన్న టేబుల్ మీద పెడదాం.”

“టేబుల్ మీద పెడితే స్పూన్ల చప్పుడూ పిల్లల ఏడుపులూ పడతాయి” అన్నాను నేను. “మిక్సర్ నుంచి నేరుగా తీస్తాను. ఒక్క మచ్చ ఉండదు. పుస్తకంలో ఉంది.”

“రెండూ చేద్దామన్నా. పోయేదేముంది?”

“శుభ్రమైనది ఒకటి ఉండగా రెండోది ఎందుకు నాయనా?”

ఆమె అటూ ఇటూ చూసి తేల్చేసింది. “లైబ్రరన్న చెప్పినంక ఇగ మాటేంది. గట్లనే కానియ్.” రికార్డరు సంచీలోకి వెళ్లిపోయింది.

ఆ రోజు వాళ్లు వాయించినట్టు ముందూ వాయించలేదు, తర్వాతా వాయించలేదు. మూల బల్ల దగ్గర ఆమె తండ్రి మొదటిసారి వచ్చి కూర్చున్నాడు. ముందున్న నిమ్మసోడా ముట్టుకోలేదు. లిఫ్టు పాటలో ఆ ఎనిమిది బీట్ల దగ్గర వడ్డించే అతను పళ్లెం పట్టుకుని బల్లల మధ్య ఆగిపోయాడు. పాట నడుస్తుండగానే నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డింగు ఎలా వస్తోందో చూశాను. గొంతూ, గిటారూ, డ్రమ్ములూ, అన్నీ గంట కొట్టినట్టు వినిపించాయి. నాలుగింటికి మేనేజరు గదిలోని కంప్యూటరు నుంచి ముంబయికి పంపేశాను. మళ్లీ వినలేదు. మీకు ముఖ్యంగా చెప్పదలుచుకున్న మాట ఇదే. మళ్లీ వినలేదు.

మర్నాడు పొద్దున టిఫిను చేసి, సంతోషంగా, ఇంట్లో నిశ్శబ్దంలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. గొంతు వచ్చింది. గొంతు ఒక్కటే వచ్చింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. చిన్న హాలులో డ్రమ్ములకు మైకు అక్కర్లేదు. గిటారు దాని సొంత స్పీకరు పెట్టెలోంచి అదే మోగుతుంది. మిక్సర్‌లోకి వచ్చేది, అక్కణ్ణుంచి రికార్డులోకి వెళ్లేది, గొంతే. ఇంట్లో బియ్యం పప్పు ఉన్నాయని బజారు నుంచి ఉప్పు ఒక్కటే తెచ్చామనుకోండి. ఆ సంచీ చూసినవాడు ఈ ఇంట్లో ఉప్పే తింటారని అనుకుంటాడు. నేను ముంబయికి పంపింది ఆ సంచీని. నిన్న హెడ్‌ఫోన్లలో అన్నీ వినిపించాయంటే, హాలులో మోగుతున్న మోత నా చెవుల్లోకి పక్కలనుంచి దూరింది, అంతే. ఇప్పుడు డ్రమ్ములు పక్క ఫ్లాటులో ఎవరో మేకు కొడుతున్నట్టున్నాయి. గిటారు లేనే లేదు. లిఫ్టు పాటలో ‘దిగుతున్నా దిగుతున్నా లిఫ్టుల’ అని ఆగిపోయింది. తర్వాత ఖాళీ. ఒకసారి ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. పాట మర్చిపోయి నిలబడ్డట్టుంది.

అప్పటికి టైము తొమ్మిది. వాళ్లు కూర్చునేది మధ్యాహ్నం. నలుగుర్నీ పిలిచి, ఏ గదిలోనో గంటలో మళ్లీ వాయించి, ఆ చిన్న రికార్డరుతోనే తీసి పంపొచ్చు. ఆమెకు ఫోను చేశాను. బస్సులో ఉంది.

“అన్నా, రాత్రంత నిద్రలేదు. పంపింది మంచిగుంది గదా? విన్నవా?”

చెబుదామనే చేశాను. ఆ ‘విన్నవా’ దగ్గర నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“గంటలా ఉందమ్మా.”

“అబ్బ, ఇగ ఫికర్ లేదు” అని పెట్టేసింది.

ఎందుకలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. భయం కొంత. అంతకంటే ఎక్కువగా, గిటారు అతను “రెండూ చేద్దామన్నా” అన్న మాట గుర్తొచ్చింది. పుస్తకం చదవనివాడి మాట నిజమైందని ఒప్పుకోవాలి. మధ్యాహ్నం లోపల చెబుదాం అనుకున్నాను. మధ్యాహ్నం దాటింది.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఆదివారం అందరి ముందూ ఆమే చదివింది. గొంతు బాగుంది, పాటల్లో బలం లేదు, ఖాళీగా ఉన్నాయి, మధ్యలో ఆగిపోతున్నాయి అని.

“ఖాళీ అంటడేంది?” గిటారు అతను లేచాడు. “గంత మోత మోగిస్తే!”

నేను కేబుల్ చుడుతూ వంగి ఉన్నాను. అలాగే ఉండిపోయాను.

“ఇడ్వురా” అందామె. “నేను రోజు చేసేది అదే పని. బగ్గు యాడుందో చెప్పిండు. పాటలల్ల ఉంది.”

ఆ రోజు సొంత పాటలు రెండూ పాడలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పాడలేదు. మేనేజరు “పోనీ ఒకటి పాడండమ్మా” అని తనంతట తాను అడిగినా, “ఎందుకు సార్, జనాలకు తెల్సినయి పాడుదం” అంది. మైకులో “ఇయ్యాల బుక్కుల ఏం రాసిండ్రు” అని అడగడం మాత్రం మానలేదు. అది నాకు ఎలా ఉండేదో రాయను.

ఏడాది తర్వాత గిటారు అతనికి బెంగళూరు బదిలీ అయింది. బ్యాండు విడిపోయింది. రెస్టారెంటులో బ్యాండ్లు పోయి డీజే వచ్చాడు. ఆమె ఆఫీసు కోకాపేట టవర్లలోకి మారిందనీ, ఆమె మేనేజరు అయిందనీ విన్నాను. నేను మరికొన్నేళ్లు పనిచేశాను. తర్వాత నాకంటే ముందు నా చెవులు రిటైరయ్యాయి. సన్నని శబ్దాలన్నీ పోయాయి. ఈల, పక్షి అరుపు, కుక్కరు కూత నాకు చేరవు. దవాఖానాలో పరీక్ష చేసి, ఇక ఆ పని వద్దన్నారు.

మధ్యలో ఒకసారి పనిగట్టుకుని ఆ గ్రంథాలయానికి వెళ్లి ఎర్రగుడ్డ పుస్తకం తీశాను. రికార్డింగు మీద అధ్యాయంలో చివరి పేజీలు ఎవరో ఎప్పుడో చింపేశారు. చాలాకాలం నా తప్పు ఆ చింపినవాడి మీద పెట్టి బతికాను. ఆ పేజీల్లో ఏమున్నా, పంపేముందు విను అని చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు కదా.

పోయినేడు ఒక శనివారం పొద్దున ఆమె మా ఫ్లాటుకు వచ్చింది. ఉస్మానియా బిస్కెట్ల డబ్బా చేతిలో. ముందే ఫోను చేసి అడ్రసు కనుక్కుంది. జుట్టులో అక్కడక్కడా తెలుపు. మెడలో ఆఫీసు ట్యాగు లేదు గానీ, ఉన్నట్టే చెయ్యి మాటిమాటికీ అక్కడికి పోతోంది.

“మా టీముల పిల్లలది ఒక బ్యాండుందన్నా. కంపెనీ ఫంక్షన్‌ల నా లిఫ్టు పాట వాయిస్తరంట. ఎవడో పాత ఫోను వీడియో చూపిచ్చిండు. అండ్ల మోత తప్ప మాట వినొస్తలేదు. రెండో చరణం నాకే యాదికి లేదు. రాసిన కాగితం ఇల్లు మారినప్పుడు పోయింది. నీ తాన ఏమన్న ఉందా?”

ఉంది. ఇనప బీరువాలో, పాత ధ్వనిశాస్త్రం నోటుపుస్తకాల వెనక, పెన్‌డ్రైవులో. మాటలు దానికంటే స్పష్టంగా ఎక్కడా దొరకవు. కానీ అది వింటే తప్పులు పట్టే ఆ చెవికి నిమిషంలో తెలిసిపోతుంది. పోయిందమ్మా అనడం చాలా సులువు. అప్పటికే ఒకసారి అంత సులువైన మాట చెప్పి ఉన్నాను.

తెచ్చి పెట్టాను. లిఫ్టు పాట వచ్చింది. ఆమె మొదట పెదాలు కదుపుతూ వింది. తర్వాత పెదాలు ఆగాయి. ఖాళీ వచ్చింది. ఆమె నావైపు తిరిగింది.

“డ్రమ్స్ ఏవి?”

చెప్పాను.

“గిదేనా పంపింది?”

“ఇదే.”

“నీకెప్పుడు తెల్సింది?”

“మర్నాడు పొద్దున. నువ్వు బస్సులో ఉన్నావు. గంటలా ఉందన్నాను.”

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద మెట్రో వచ్చి ఆగి, ఉన్నవాళ్లందర్నీ దింపి, ఖాళీగా నిలబడింది. అది చివరి స్టేషను.

“ఎనిమిదేండ్లు” అంది అటే చూస్తూ. “ఎనిమిదేండ్లు గదే బస్సుల కిటికీ దగ్గర కూసున్నన్నా. ఒక్క లైను రాయలే.”

“తప్పయింది తల్లీ.”

“మిక్సర్ తప్పు ఎవరైనా చేస్తరు. రోజు అసొంటివే చూస్త. కానీ చెప్పకపోవుడు…” ముక్కు తుడుచుకుంది. వెళ్లిపోతుందనుకున్నాను. వచ్చి కూర్చుని, “మళ్ల పెట్టు” అంది.

రెండోసారి ఖాళీ దగ్గర తనే ఆపింది.

“ఈడ గిటార్ ఎట్లుండె? వానికి ఫోన్ చేస్తే, ఏం వాయించిన్నో నాకే యాదికి లేదంటుండు. ఆ గిటారే అమ్ముకున్నడంట.”

నాకు గుర్తుంది. మూడేళ్ల ఆదివారాలు విన్నాను. ఆ తీగల సన్నని మెరుగు ఇప్పుడు నా చెవికి అందదు కానీ, లోపల ఒక్క స్వరమూ చెరగలేదు. సిగ్గుపడుతూనే నోటితో మొదలుపెట్టాను. ట్యాంవ్, ట్యావ్వ్, టాయ్ అంటూ. అరవై దాటిన గోదావరి మనిషి కుర్చీలో కూర్చుని నోటితో గిటారు వాయిస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆమె ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఫోనులో రికార్డు పెట్టింది.

“అట్ల కాదు, జర ఆగి దిగాలె. నాలుగోది లాగు.”

“ఇలానా?”

“ఆఁ, గట్ల. ఇప్పుడు పాటతోని కలిపి చేద్దాం. నా ఊపిరి వినొచ్చినంక మొదలుపెట్టు.”

“ఊపిరి వినిపించదమ్మా నాకు” అన్నాను. “అంత సన్ననివి ఇప్పుడు వినపడవు.”

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. టీపాయి మీద ఉన్న నా చేతి పక్కన చూపుడు వేలు ఆనించి, పాట పెట్టింది. దిగుతున్నా దిగుతున్నా లిఫ్టుల, అని పాత గొంతు ఆగింది. వేలు చెక్క మీద పడింది. ఆ కదలిక నా అరచేతికి తెలిసింది. ఒకటి, రెండు అని ఆమె కొడుతుంటే నేను అంతస్తు అంతస్తుగా దిగాను. ఎనిమిదోదాని మీద, నేనింకా నేల అందక వేలాడుతుండగా, ముప్ఫై ఏళ్లప్పటి ఆమె గొంతు సరిగ్గా టైముకు వచ్చింది. మన్ను మాత్రం వస్తలేదే.

ఆమె మరో రెండుసార్లు అలాగే చేయించింది.

వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, “ఫంక్షన్‌కి రా అన్నా. ముందట కూసో” అంది. రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగింది. “మైకులు మాత్రం ముట్టకు.”

క్షమించావా అని నేను అడగలేదు. మళ్లీ రాస్తున్నావా అని కూడా అడగలేదు. ఇప్పటికీ పొద్దున్నే మా కాలనీ గ్రంథాలయానికి నడుస్తూ, ఎవరూ లేనిచోట, నోట్లోనే ఆ గిటారులా దిగుతుంటాను. ఎనిమిదో అడుగు దగ్గర కాసేపు నిలబడతాను. అక్కడ ఒక గొంతు రావాలి.